పెండ్లి సకినాల ఫోటో

మా వంటగదికి వెనకవైపు ఒకటే కిటికీ. దాని అవతల పక్కింటివాళ్ల సున్నం గోడ. పొద్దు కాస్త ఎక్కాక ఎండ ఆ గోడమీద పడి, మెత్తబడి, మా పొయ్యి బండమీదికి వస్తుంది. నేను కోరుట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆ కిటికీని పొగ పోవడానికి తప్ప తీసేవాళ్లం కాదు. వెలుగు కోసం దాన్ని తెరవడం మా ఆయన గల్ఫ్‌కు పోయాక మొదలైంది.

ఆయన అక్కడ ఒక హోటల్లో కేకులు, రొట్టెలు చేసే వంటశాలలో పని చేసేవాడు. గిన్నెలు కడిగే పనికని తీసుకుపోయారు. పిండి కలిపేవాళ్ల పక్కన నిలబడి, చూసి, నేర్చుకుని, తానే కేకులు చేసేదాకా వచ్చాడు. పోయిన మొదటి పండుగకే ఫోన్ చేసి అడిగాడు.

"ఈడ దినాం గన్ని కేకులు చేస్త, ఒక్కటి నోట్లె పెట్టుకోబుద్ది గాదు. నువ్వు ఇంట్ల ఏం చేసినా ఫోటో వెట్టు. సూసుకుంట కూసుంట."

నేను తీసిన మొదటి ఫోటో సర్వప్పది, బియ్యప్పిండి రొట్టెది. ట్యూబ్‌లైటు కింద, పెనం మీద ఉండగానే తీసి పంపాను. వెంటనే జవాబు వచ్చింది: "గిదేందే, కాలిన టైరు లెక్కున్నది?" నేను రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ కోపంలోనే కిటికీ తెరిచి చూశాను. కిటికీ పక్కన పెట్టి తీస్తే అదే సర్వప్పమీద నువ్వుగింజ నువ్వుగింజగా, పల్లీ ముక్క ముక్కగా కనబడింది.

అట్లా ఒక్కొక్కటే నేర్చుకున్నాను. సకినాలు బియ్యప్పిండి చుట్టలు, తెల్లగా ఉంటాయి కాబట్టి నల్ల బండమీద పెట్టాలి. కొబ్బరి, చక్కెర నింపి మడిచే గరిజెలకు కింద తెల్లగుడ్డ పరిస్తే అంచుల మడతలు తేలుతాయి. మా నాన్నకు సిరిసిల్లలో మరమగ్గాలు ఉండేవి. ఆయన వచ్చినప్పుడల్లా చేతిసంచిలో అంచు చెడిన కాటన్ ముక్కలు తెచ్చేవాడు. "గిన్ని పేలికలు ఏం జేసుకుంటవ్ బిడ్డా?" అని అడిగి, నేను లడ్డూల కింద గుడ్డ పరిచి ఫోటో తీయడం చూసి నవ్వాడు. చీర డబ్బా మూత లోపలి తెల్ల అట్టను నీడపడే వైపు నిలబెడితే ఆ నీడ పలచబడుతుందని కూడా ఆ వంటగదిలోనే తెలుసుకున్నాను. స్టీలు పళ్లెంలో ఏది పెట్టి తీసినా ఫోన్ పట్టుకున్న నా మొహం అంచున కనబడేది. మా ఆయనకు అవే ఇష్టం. "పళ్లెంలనే పెట్టి తియ్, మార్చకు" అనేవాడు.

తరువాత ఓవెన్ కొన్నాం. సెలవు దొరికిన రోజు వీడియో కాల్‌లో ఆయన అక్కడి మంచం మీద కూర్చుని నాకు కేకు నేర్పేవాడు. గుడ్లు ఎంతసేపు గిలక్కొట్టాలో, పిండి కలిపేటప్పుడు చెయ్యి ఎటు తిప్పాలో చెప్పేవాడు. కేకు దించాక నేను పంపిన ఫోటో చూసి పట్టేసేవాడు.

"నడుమ గుంట వడ్డది. కాలకముందే ఓవెన్ తలుపు తీసి సూసినవ్ గదా?"

"నేను తియ్యలే."

"నువ్వు తియ్యలేదంటవ్, కేకు తీసినవంటున్నది. ఎవ్వల మాట నమ్మాలె?"

మాకు పిల్లలు కలగలేదు. ఆయన వచ్చి ఉన్న నెలలు తక్కువ, పోయి ఉన్న కాలం ఎక్కువ. కలిసి కాపురం చేసిన రోజులు గుర్తుచేసుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఫోన్ మాటలే.

ఆయన పోయింది దసరా పండుగనాడు. పొద్దున నేను గరిజెల ఫోటో పంపాను. చూశాడో లేదో తెలియదు. పనిలో నిలబడి ఉండగానే గుండె పట్టుకుని కూలిపోయాడట. మధ్యాహ్నం ఆయనతో గదిలో ఉండే అతను జగిత్యాలలో ఉన్న మా వదినకు ఫోన్ చేశాడు. మా వదినంటే మా ఆయనకు అక్క. ఆమె కారు మాట్లాడుకుని వచ్చి మా గుమ్మంలో దిగేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఏడుపు వినేసరికి నా చేతిలో గరిజెల డబ్బా ఉంది. పెట్టె ఇంటికి రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల గురించి రాయడం నావల్ల కాదు.

ఏడాదిదాకా పొయ్యిమీద అన్నం, చారు తప్ప ఏమీ చేయలేదు. ఇంట్లో నేనూ మా అత్తమ్మా ఇద్దరమే. నన్ను మళ్లీ ఓవెన్ దగ్గరికి లాగింది వదిన బిడ్డ. చిన్నప్పటినుంచీ ఆ పిల్ల పుట్టినరోజు కేకు నా చేతిదే. జగిత్యాలలో ఎన్ని బేకరీలున్నా కోరుట్ల నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోవాల్సిందే. ఆ ఏడు కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి వంటగదిలో కూర్చుంది.

"మామ ఉంటె చెయ్యొద్దంటుండెనా అత్తా? మంచిగ చేసినవో లేదో ఫోటో వెట్టుమంటుండె."

చేశాను. ఫోటో తీశాను. పంపడానికి మనిషి లేడు కాబట్టి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. ఎదురింటి ఆమె చూసి తన మనవడికి కావాలంది. ఆమె చుట్టాలు ఇంకొకరు అడిగారు. కొన్నాళ్లకు మా వీధిలో పిల్లల పుట్టినరోజంటే కేకు మా ఇంట్లోంచే పోయేది. ఫోటోలు చూసి మెట్‌పల్లి నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. జనం నన్ను మళ్లీ మనిషిగా చూస్తున్నారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

వదిన బిడ్డకు పెగడపల్లి సంబంధం కుదిరింది. పెండ్లికి ముందు సారె కోసం సకినాలు చుట్టే రోజు వదిన నాకు ఫోన్ చేసి, "అమ్మను తోల్కొని పొద్దుగాల్నే రా. నువ్వు లేకుంటె నాకు చెయ్యి ఆడది" అంది. మొదటి బస్సుకే పోయాం. వదిన రాత్రే నానబెట్టిన బియ్యం నేనే కడిగాను. పిండి గిర్నీకి తీసుకుపోయి పట్టించుకొచ్చింది నేనే. తడిపిండి జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపాను. సకినాల పిండికి నీళ్లు ఎక్కువైతే చుట్ట నిలబడదు, తక్కువైతే తెగిపోతుంది. పిండి కుదిరింది. రెండు వేళ్ల మధ్య నలిపి చూసి వదిన కూడా తల ఊపింది.

వాకిట్లో తెల్ల ధోవతులు పరిచారు. వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. పసుపు గౌరమ్మను చేసి, బొట్టు పెట్టి, మొదటి చుట్ట చుట్టడానికి అందరూ సర్దుకుంటున్నారు. నేను పిండిగిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చోబోయాను.

"పిల్లా, నువ్వు లే. లేశి జరంత ఫోటోలు దియ్," అంది వదిన. మాట చాలా మెత్తగా ఉంది. "నీ అసొంటి ఫోటోలు ఎవ్వలకు రావు."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. "చుట్టుకుంట నడుమ నడుమ తీస్త వదినా" అన్నాను.

అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ వదిన చెప్పలేకపోయినది చెప్పేసింది. "పెండ్లి అప్పాలు గదమ్మా. ముత్తైదులు చుట్టాలె. నీకు తెల్వదా?"

ఎవరూ నా వైపు చూడలేదు. గాజుల చేతులన్నీ పిండిలోకి వంగాయి. పెండ్లిపిల్ల మాత్రం తల్లిమీదికి లేచింది.

"అత్త చుడితె ఏమైతది? నా పెండ్లికి నాకు లేని పట్టింపు మీకెందుకు?"

"నువ్వు నోర్మూసుకో. అత్తగారింటికి వొయ్యేదానివి," అంది వదిన.

మా అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె అక్కడ కూర్చుందన్న సంగతి నేను అప్పుడే గమనించాను. ఇన్నేళ్లుగా ఏ పెండ్లికి పోయినా ఆమె అట్లాగే ఒక గోడ చూసుకుని కూర్చునేది. మోకాళ్ల నొప్పులనుకునేదాన్ని. నా కొంగు పట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ మామ పోయినప్పటి సంది నేను గిట్లనే కూసుంటున్న. అలవాటైతది బిడ్డా," అంది.

ఆమె ఓదార్పుకే అంది. పెద్దావిడ మాటకంటే ఆ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నాకు అలవాటు కావద్దు. అక్కడ కూర్చోలేక లేచాను. ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెట్టాను. పిండంటిన వేళ్లు, గౌరమ్మ, ధోవతిమీద వరుసగా తెల్లని చుట్టలు. మోకాళ్లమీద వంగి, గోడెక్కి, పైనుంచి తీశాను. ఫోటోలు బాగా వచ్చాయి. పిండికి అశుభమైన చెయ్యి ఫోటోలకు ఎట్లా కాదో ఆ వాకిట్లో ఎవరూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి ఆడవాళ్లకు నడుములు పట్టాయి. ఒకామెకు ఇంటికి చుట్టాలొచ్చారు, ఒకామెకు బడినుంచి పిల్లలొచ్చే వేళయింది. ఒక్కొక్కరే చేతులు కడుక్కుని పోయారు. గిన్నెలో సగానికి సగం పిండి మిగిలింది. తడిపిండి మర్నాటికి ఉంచితే పులుస్తుంది. వదిన ఆ గిన్నె చూసింది, వాకిలి చూసింది, నన్ను చూసింది. గిన్నె ఎత్తుకుని వెనక వంటగదిలోకి పోయి నన్ను పిలిచింది.

"పిల్లా, గిది నువ్వు చుట్టెయ్. తలుపు దగ్గరేస్త. ఎవ్వలు సూస్తలేరు."

ఆమె ముఖంలో సిగ్గు ఉందేమోనని చూశాను. లేదు, అలసట ఉంది. పెండ్లి పెట్టుకున్న ఇల్లాలి అలసట.

"పొద్దున అశుభమైంది ఇప్పుడు కాదా వదినా?" అని అడిగాను.

"గవన్ని ఇప్పుడెందుకు? పిండి పాడైతది. నా తమ్ముని పెండ్లానివి, నా ఇంటిదానివని అడుగుతున్న."

చుట్టాను. పిండి పాడుచేయడం నా చేతకాదు. పైగా ఆ పిల్ల పెండ్లికి సకినాలు చుట్టాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నదాన్ని. తలుపు వేసిన గదిలో ఒక్కదాన్నే నేలమీద గుడ్డ పరుచుకుని కూర్చున్నాను. చుట్ట వెంట చుట్ట, సన్నగా, తెగకుండా వేశాను. ఆ వంటగదిలోనూ ఒక కిటికీ ఉంది. చుట్టడం అయ్యాక సాయంత్రపు ఎండ వాలుగా గుడ్డమీద పడి ప్రతి మెలికా కనబడింది. ఫోన్ తీసి ఒక ఫోటో తీశాను.

వదిన పొద్దుటి ఫోటోలు పంపమని అడిగితే అన్నీ కలిపి పంపాను. ఆమె చుట్టాల గ్రూపులో పెట్టుకున్నది మాత్రం నేను చివరన తీసినదాన్ని. అన్నిటికంటే అదే బాగుంది మరి. వాకిట్లో చుట్టినవి కొన్ని లావు, కొన్ని సన్నం. ఇవి అచ్చుపోసినట్లున్నాయి.

పెండ్లి అయింది. అప్పగింతల దగ్గర సారె గంపలు బయటికి తెచ్చారు. పెండ్లికొడుకు తల్లి ఒక సకినం విరిచి నోట్లో వేసుకుని, "గుల్లగ అయినయ్. గ్రూపుల ఫోటో సూసినప్పుడే అనుకున్న. ఎవ్వలు చుట్టిండ్రు వదినా?" అని అడిగింది.

"మా వాడకట్టు ముత్తైదులే. అందరు ముత్తైదులే చుట్టిండ్రు," అంది వదిన.

నేను వాళ్లకు నాలుగడుగుల దూరంలో ఫోటోలు తీస్తూ నిలబడి ఉన్నాను. వదిన నన్ను చూసే ఆ మాట అంది. "అందరు" అన్నమాటను ఒత్తి పలికింది. వియ్యపురాలికి అనుమానం రాకూడదని, నేను నోరు తెరవకూడదని. నేను తెరవలేదు. ఆ పిల్ల అందరినీ పట్టుకుని ఏడుస్తూ నా దగ్గరికీ వచ్చింది. మెడచుట్టూ చేతులు వేసి, "అత్తా, నా కేకు నువ్వే చెయ్యాలె ఎప్పటికి" అంది.

కోరుట్లకు వచ్చాక రెండు రోజులు ఏ పనీ చేయలేదు. మూడోరోజు ఆ ఫోటోను నా స్టేటస్‌లో పెట్టాను. కింద రాశాను: "మా వదిన బిడ్డ పెండ్లి సకినాలు. చుట్టింది నేనే." అంతకంటే ఒక్క అక్షరం రాయలేదు. తలుపు సంగతి రాయలేదు, గోడ సంగతి రాయలేదు. కేకుల ఫోటోల కోసం నా నంబరు దాచుకున్నవాళ్లలో పెగడపల్లివాళ్లు కూడా ఉంటారని తెలిసే పెట్టాను.

సాయంత్రానికి వదిన ఫోన్ చేసింది.

"నా బిడ్డ సంసారంల నిప్పులు వోస్తవా? నీకేం తక్కువ చేసిన? వెంటనే తీసెయ్."

"నేను చుట్టలేదా వదినా?"

"చుట్టినవ్. చుట్టుమన్నది నేనే. నలుగురికి చెప్పుమన్ననా?"

"నలుగురు అడిగితె నువ్వు అబద్ధం చెప్పినవ్. నేను నిజం రాసిన."

"నా తమ్ముడు పోయిండు గని, ఉంటె నిన్ను ఏం చేస్తుండెనో," అని ఫోన్ పెట్టేసింది. తమ్ముడుంటే నేను వాకిట్లోనే కూర్చుని చుట్టేదాన్నని ఆమెకు తోచలేదు.

పెగడపల్లిలో సారె సకినాల గంపను బర్రెలకు పెట్టించారని తరువాత తెలిసింది. వాకిట్లో ముత్తైదువలు చుట్టినవీ అందులోనే ఉన్నాయి. ఏవి ఎవరివో వాళ్లకు తెలిసే దారి లేదు. అత్తగారింట్లో అడుగుపెట్టిన వారంలోనే ఆ పిల్ల మాటలు పడింది. తనే నాకు ఫోన్ చేసింది.

"నువ్వు చుట్టినయని నాకు తెల్సు అత్తా. కడుపునిండ తిన్న కూడ. గని గిప్పుడే ఎందుకు పెట్టినవ్? నేను ఈడ బతకాలె గదా."

స్టేటస్ అప్పటికే దానంతటదే పోయింది. ఆ పిల్ల గొంతు మాత్రం చాలాకాలం చెవుల్లో ఉంది. నాకోసం తల్లిమీదికి లేచిన ఒకే ఒక్కతి అది. నేను చెప్పిన నిజం మొదట దానికే తగిలింది. మళ్లీ అట్లాంటి రోజు వస్తే ఫోటో పెడతానా అని ఒక్కోసారి ఆలోచిస్తాను. పెడతాననే అనిపిస్తుంది. అప్పుడు ఇంకా చేదుగా ఉంటుంది.

జగిత్యాల రాకపోకలు బందయ్యాయి. వదిన తన తల్లిని చూడటానికి కూడా మా ఇంటికి రాలేదు. మా అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, మెచ్చుకోనూ లేదు. బిడ్డ ఫోన్ కోసం చూసి చూసి, పడుకునేది.

పోయిన ఎండాకాలం ఆ పిల్ల కొడుకు మొదటి పుట్టినరోజు. అంతకు ముందువారం ఫోన్ చేసింది. చాలా నెలల తరువాత దాని గొంతు వినడం.

"అత్తా, కేకు నువ్వే చెయ్యాలె. మూడంతస్తులది."

"మీ అత్తగారు ఏమనదా?"

"ఏమనది. నేనే అడిగిన. కేకుకు గవన్ని పట్టింపులు ఉండయి, అది మన అప్పం గాదు గదా అన్నది. నీ ఫోటోలు ఆమెకు బాగ నచ్చినయట."

ఆ పిల్ల సంతోషంగానే చెప్పింది. ఎంతో పోరాడి నాకోసం ఒక తోవ తీసినట్లు చెప్పింది. కాదంటే ఆ తోవ కూడా పోతుంది.

చేశాను. లేత నీలంరంగు క్రీమ్, పైన చక్కెరతో చేసిన చిన్న ఏనుగు. పొద్దున కిటికీ తెరిచి, మా నాన్న తెచ్చిన గుడ్డల్లో మిగిలిన ఒకదాన్ని వెనక కట్టి, ఫోటో తీశాను. ఇప్పటిదాకా నేను తీసినవాటిలో అదే మంచిదని చూసినవాళ్లంతా అంటారు. పెగడపల్లి నుంచి కారు వచ్చింది. డ్రైవర్ పెట్టెను వెనకసీట్లో పెట్టుకుని, "సాయంత్రం ఫంక్షన్ హాల్లకు మీ ఇద్దర్ని రమ్మన్నరమ్మా" అని చెప్పి పోయాడు.

అత్తమ్మ గదిలోంచి అది వింది. మునిమనవణ్ని ఆమె ఇంకా చూడలేదు. "నువ్వు వోతవా?" అని అడిగింది.

"నేను రాను. నువ్వు పో అత్తమ్మా. ఆటో మాట్లాడుత."

ఆమె పెట్టెలోంచి కొత్తచీర తీసింది. మంచంమీద పెట్టి, మడత విప్పి, చాలాసేపు చూసింది. మళ్లీ మడతపెట్టింది. వంటగదిలోకి వచ్చి ఓవెన్ పక్కన పీటమీద కూర్చుంది. కేకు పైభాగం చదునుగా కోసినప్పుడు మిగిలిన ముక్కలు పళ్లెంలో ఉన్నాయి. ఒకటి తీసుకుని తింది.

"చక్కెర జర తక్కువైంది," అంది.

తక్కువ కాలేదు. ఇంకో ముక్క ఆమె చేతిలో పెట్టి, క్రీమ్ గిన్నెలు కడగడానికి కూర్చున్నాను.